ఇంటివారిని అతిథులను చేయకుండా: యూదు సమాజాల్లో జాతి వైవిధ్యానికి చోటు కల్పించడం ఎలా

శనివారం ఉదయం ప్రార్థన వేళకు ఒక నల్లజాతి మహిళ అమెరికాలోని ఒక సినగాగు (యూదుల ప్రార్థన మందిరం) మెట్లెక్కుతుంది. ఆమె చంకలో నీలిరంగు మఖ్‌మల్ సంచి ఉంటుంది, దాని మీద జరీతో కుట్టిన దావీదు నక్షత్రం ఉంటుంది, లోపల వాళ్లమ్మ ఇచ్చిన ప్రార్థన శాలువా ఉంటుంది. గుమ్మం దగ్గర నిలబడ్డ పెద్దాయన నవ్వుతూనే పలకరిస్తాడు: "రండి, రండి. మీరు ఎవరి తాలూకు? మా ప్రార్థన చూడటానికి వచ్చారా?" ఆమె వెనకే వచ్చిన తెల్లజాతి కుర్రవాడికి తల మీద టోపీ కూడా లేదు, ఆ గడప తొక్కడం అతనికి అదే మొదటిసారి. అయినా పెద్దాయన అతన్ని ఏమీ అడగడు. "షబ్బాత్ షాలోమ్" (విశ్రాంతి దినమైన శనివారం చెప్పుకునే శాంతి శుభాకాంక్ష) అని ప్రార్థన పుస్తకం చేతిలో పెట్టి లోపలికి పంపేస్తాడు. పెద్దాయన మనసులో ద్వేషమేమీ లేదు, ఆమెను ఆదరించాననే అనుకుంటాడు. కాని ఆయన చేసింది ఇంటి మనిషికి అతిథి మర్యాద చేయడం, సొంత ఇంట్లో జరిగే అతిథి మర్యాద ఎంత తీయగా ఉన్నా అవమానమే.

ఈ మార్గదర్శి ఆ పెద్దాయన కోసం, ఆయనను అక్కడ నిలబెట్టిన పాలకవర్గం కోసం, రబ్బీల (యూదు మతగురువుల) కోసం, పిల్లలకు హీబ్రూ నేర్పే ఉపాధ్యాయుల కోసం రాసినది. చెప్పేది ఎక్కువగా అమెరికా సినగాగులను దృష్టిలో పెట్టుకొనే అయినా, ఇజ్రాయెల్ అనుభవాలను, కొచ్చిన్ అనుభవాలను కూడా అక్కడక్కడా తీసుకున్నాను, ఎందుకంటే ఈ తప్పులు అంతకుముందే అక్కడ మరింత ఘోరంగా జరిగాయి, వాటిని ఎదిరించిన తీరులో నేర్చుకోవలసింది చాలా ఉంది.

ముందు లెక్క సరిచూసుకోండి

"మన దగ్గర అలాంటివారు ఎవరూ లేరు కదా" అనే మాట పాలకవర్గ సమావేశంలో తప్పకుండా వస్తుంది. దానికి జవాబు సిద్ధంగా పెట్టుకోండి. ప్యూ పరిశోధన కేంద్రం 2020 నాటి స్థితి మీద 2021లో ప్రచురించిన సర్వే ప్రకారం, అమెరికాలోని వయోజన యూదుల్లో 92 శాతం మంది తమను శ్వేతజాతీయులుగా చెప్పుకున్నారు, మిగిలిన 8 శాతం మంది నల్లజాతి, హిస్పానిక్, ఆసియా, మిశ్రమ జాతి వంటి ఇతర గుర్తింపులు చెప్పారు. 18 నుంచి 29 ఏళ్ల లోపువారిలో ఈ రెండో వర్గం 15 శాతం. అంతకంటే ముఖ్యమైన అంకె మరొకటి ఉంది: 17 శాతం యూదులు నివసించే ఇళ్లలో కనీసం ఒక్కరైనా, పెద్దవారో పిల్లలో, శ్వేతేతరులు ఉన్నారు. అంటే తెల్లగా కనిపించే సభ్యుడి మనవరాలో, కోడలో, దత్తపుత్రుడో ఈ లెక్కలో ఉండవచ్చు. "అలాంటివారు లేరు" అన్న సినగాగులో వారు నిజంగా లేరా, ఒకసారి వచ్చి మళ్లీ రాలేదా అన్నది విడిగా ఆలోచించవలసిన ప్రశ్న.

శ్వేతేతర యూదుల కోసం పనిచేసే జ్యూస్ ఆఫ్ కలర్ ఇనిషియేటివ్ అనే సంస్థ, స్టాన్‌ఫర్డ్ పరిశోధకులతో చేయించి 2021లో వెలువరించిన అధ్యయనంలో వెయ్యి మందికి పైగా పాల్గొన్నారు, వారిలో 80 శాతం మంది యూదు వేదికల్లోనే తమకు వివక్ష ఎదురైందని చెప్పారు. ముందుకు వచ్చి పేరిచ్చినవారే అందులో పాల్గొన్నారు కాబట్టి, దేశంలోని శ్వేతేతర యూదులందరికీ అదే శాతం వర్తిస్తుందని చెప్పకూడదు. అయినా అంతమంది ఒకే విషయం చెబుతున్నప్పుడు, నమూనా పద్ధతిలోని లోపాన్ని పట్టుకొని ఆ మాటనే తోసిపుచ్చడం వినకుండా తప్పించుకోవడమే అవుతుంది.

శ్వేతేతర యూదులందరూ మతం మార్చుకొని వచ్చినవారే అన్న ఊహను కూడా ఇక్కడే వదిలేయాలి. ఇథియోపియాలోని బేత ఇజ్రాయెల్, యెమెన్ యూదులు, ఇరాక్ యూదులు, కొంకణ తీరపు బెనె ఇజ్రాయెల్, కొచ్చిన్ యూదులు తరతరాలుగా యూదులు. ఉగాండాలోని అబయుదాయ సమాజం 1919లో సెమెయి కకుంగులు అనే నాయకుడితో మొదలైంది. ఆ సమాజానికి చెందిన గెర్షోమ్ సిజోము లాస్ ఏంజెలెస్‌లోని రబ్బీ విద్యాలయంలో చదివి 2008లో రబ్బీ అయ్యారు. గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడుతూ యూదు ఆచారాలు పాటించే బెనె ఎఫ్రాయిము అనే చిన్న సముదాయం ఉందన్న సంగతి తెలుగువారిలోనే చాలామందికి తెలియదు. ఇక అమెరికాలో పుట్టిన నల్లజాతి యూదుల్లో తల్లి వైపు నుంచి వచ్చినవారు, తండ్రి వైపు నుంచి వచ్చినవారు, దత్తత వచ్చినవారు, తమంతట తాము ఈ మతాన్ని స్వీకరించినవారు అందరూ ఉన్నారు. ముఖం చూసి వీరిలో ఎవరు ఎలా వచ్చారో తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ లేదు.

గుమ్మం

సంస్కరణ అనగానే కమిటీ వేయాలని అందరికీ తోస్తుంది. నన్నడిగితే కమిటీని కొన్నాళ్లు ఆపి, గుమ్మం దగ్గర మూడు శనివారాలు నిలబడి గమనించమంటాను. ఎవరిని ఏమి అడిగారో ఇంటికి వెళ్లాక రాసుకోండి (షబ్బాత్ నాడు రాయకూడదని పాటించేవారు సాయంత్రం దాకా గుర్తుపెట్టుకోవాలి). ఒకే గుమ్మంలో రెండు రకాల పలకరింపులు వినిపిస్తే, పని ఎక్కడ మొదలుపెట్టాలో మీకే తెలిసిపోతుంది.

భద్రత మాట ఇక్కడ తప్పించుకోలేనిది. 2018 అక్టోబరు 27న పిట్స్‌బర్గ్‌లోని ట్రీ ఆఫ్ లైఫ్ సినగాగులో 11 మందిని కాల్చి చంపిన తరువాత అమెరికాలో తలుపులు తీసి ఉంచే సినగాగు దాదాపు లేకుండా పోయింది. 2022 జనవరి 15న టెక్సస్‌లోని కాలీవిల్‌లో, చలికి వచ్చాడనుకొని రబ్బీ లోపలికి పిలిచి టీ ఇచ్చిన మనిషే తుపాకీ తీసి అక్కడున్నవారిని గంటల తరబడి బందీలుగా పట్టుకున్నాడు. కాబట్టి కాపలా వద్దని ఎవరూ అనరు. అయితే కాపలా దేనిని చూడాలన్నదే ప్రశ్న. పిట్స్‌బర్గ్ హంతకుడు తెల్లజాతివాడు, 2019లో కాలిఫోర్నియాలోని పోవేలో కాల్పులు జరిపినవాడూ తెల్లజాతివాడే. అదే ఏడాది యూదుల ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పూర్ నాడు జర్మనీలోని హాలె నగరంలో సాయుధుడు సినగాగు మీదికి వచ్చినప్పుడు లోపలివారిని కాపాడింది గట్టి తలుపు, వేసి ఉన్న గడియ. బయట ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. ఆ గడియకు ముఖాలు చూసి అంచనా వేసే అలవాటు లేదు, అందరికీ ఒకేలా అడ్డుపడింది. మీ భద్రతా విధానం ఆ గడియలా ఉండాలి.

ఆచరణలో అది ఇలా ఉంటుంది. సంచులు తెరిచి చూడాలంటే రబ్బీ సంచితో సహా అందరివీ చూడండి. పేరు అడగాలంటే వచ్చిన ప్రతి ఒక్కరినీ ఒకే వాక్యంతో అడగండి, ఆ వాక్యాన్ని రాసి గుమ్మం పక్కన అంటించండి. "షబ్బాత్ షాలోమ్, స్వాగతం. మీ పేరు చెబుతారా? ప్రార్థన పుస్తకం ఇదిగో, ఎక్కడైనా కూర్చోండి" అంటే చాలు. "ఎవరి తాలూకు", "ఎందుకు వచ్చారు", "ఇంతకుముందు ఎప్పుడైనా సినగాగుకు వచ్చారా" అన్నవి ఆ కాగితంలో ఉండకూడదు. బయటి సంస్థ నుంచి కాపలావారిని పెట్టుకుంటే, ఆ వారం పనిలోకి వచ్చిన కొత్త మనిషి మీ సభ్యులను గుర్తుపట్టలేడు కాబట్టి, సభ్యుల్లో ఒకరు ఎప్పుడూ అతని పక్కన నిలబడాలి. ఆ సభ్యుడు "ఈమె మన మనిషే, పంపించండి" అని కొందరికి మాత్రం పూచీ పడితే మళ్లీ మొదటికే వస్తాం, పలకరింపు అందరికీ ముందు ఆయన నోటి నుంచే రావాలి. యూనిఫాంలో ఉన్న పోలీసును గుమ్మంలో నిలబెట్టే ముందు మీ నల్లజాతి సభ్యులతో మాట్లాడండి. తెల్లజాతి కుటుంబానికి ధైర్యం ఇచ్చే ఆ దృశ్యమే వారి పిల్లలకు భయం కలిగించవచ్చు.

అందరినీ అడగండి, లేదా ఎవరినీ అడగకండి. ఈ ఒక్క సూత్రం ఎంత పాతదో చూపడానికి ఇజ్రాయెల్ చరిత్రలోని ఒక ఘట్టం చాలు. 1960ల మొదట్లో, భారతదేశం నుంచి వలస వెళ్లిన బెనె ఇజ్రాయెలులు ఇతర యూదులను పెళ్లాడాలంటే వారి వంశాన్ని తరాల వెనక్కి విచారించాలని అక్కడి ప్రధాన రబ్బీ పీఠం ఆదేశించింది. వారు సమ్మెలు, నిరసనలు చేశారు. 1964లో పార్లమెంటు సైతం వారి పక్షాన నిలవగా, ఆదేశంలో ఆ సముదాయాన్ని విడిగా పేర్కొన్న మాటను తొలగించారు. వారు పోరాడింది విచారణ అనేదే ఉండకూడదని కాదు, తమ ఒక్కరి మీదే అది ఎందుకని.

పలకరింపు, పిలుపు, కబుర్లు

ప్రార్థన మధ్యలో తోరా (యూదుల ధర్మశాస్త్ర గ్రంథం) పఠనానికి వేదిక మీదికి పిలవడాన్ని అలియా అంటారు. ఎవరిని పిలవాలో చూసే గబ్బాయి కొత్తవారి దగ్గరకు వచ్చి చెవిలో హీబ్రూ పేరు అడుగుతాడు. ఇక్కడ చిన్న మెలిక ఉంది. హీబ్రూలో మనిషిని తల్లిదండ్రుల పేర్లతో కలిపి పిలుస్తారు, మతం స్వీకరించినవారిని మాత్రం అబ్రాహాము, శారాల సంతానంగా పిలుస్తారు. కాబట్టి "మీ నాన్నగారి హీబ్రూ పేరేమిటి?" అని నలుగురిలో గట్టిగా అడిగితే, ఆ మనిషి తన జీవిత చరిత్రను సభలో విప్పవలసి వస్తుంది. "మిమ్మల్ని ఏ పేరుతో పిలవమంటారు?" అని నెమ్మదిగా అడిగి, చెప్పినది చీటీ చూసుకున్నంత మామూలుగా స్వీకరించాలి. అంతకు మించి, ఎప్పుడూ వచ్చే శ్వేతేతర సభ్యులకు ఏడాదిలో ఎన్నిసార్లు ఆ పిలుపు అందిందో గబ్బాయి తన చీటీలు తిరగేసి చూసుకోవాలి.

మతం స్వీకరించినవారి గతాన్ని గుర్తుచేయకూడదన్నది ఈ కాలపు మర్యాద కాదు. యూదుల ప్రాచీన ధర్మసంహిత మిష్నాలోని బావా మెజియా భాగం, మాటలతో చేసే హింసను వ్యాపారంలో చేసే మోసంతో పోల్చి, అటువంటివారి సంతానంతో "మీ పూర్వీకులు ఏమి చేసేవారో గుర్తుచేసుకో" అనకూడదని శాసించింది. పన్నెండవ శతాబ్దంలో ఒబద్యా అనే మతస్వీకర్త, "మా పితరుల దేవా" అని నేను ప్రార్థించవచ్చా అని అడిగితే, ఆ కాలపు గొప్ప యూదు పండితుడు మైమోనిడిస్ అందరిలాగే అనవచ్చు, ఒక్క మాట కూడా మార్చవద్దు అని జవాబు రాశాడు. పాలకవర్గంలో "ఇవన్నీ ఇప్పటి రాజకీయాలు" అని గొణిగేవారికి ఈ రెండూ చదివి వినిపించండి.

ప్రార్థన అయ్యాక ద్రాక్షారసం, ఫలహారాలతో జరిగే కిద్దూష్ దగ్గరే ఎక్కువ గాయాలు తగులుతాయి. అక్కడ అడిగే ప్రశ్నల్లో పనికిరానివి చెబుతాను: "మీరు ఎప్పుడు మారారు?", "మీ ఆయన యూదుడా?", "మీ అసలు దేశం ఏది?", "ఎంత ఆసక్తికరం, మీ కథ చెప్పండి." చివరిది మెచ్చుకోలులా వినిపిస్తుంది, కాని ఫలహారం తినడానికి వచ్చిన మనిషిని ప్రతి వారం ప్రదర్శన ఇమ్మనడమే అది. వీటి బదులు, రబ్బీ ప్రసంగంలో మీకు నచ్చనిది ఏమిటో చెప్పి, వారి అభిప్రాయం అడగండి. ప్రసంగం మీద వాదనకు దింపడం కంటే మంచి స్వాగతం యూదు సమాజంలో నాకు తెలియదు.

శ్వేతేతర సభ్యులను వంటవారనో, పిల్లల ఆయా అనో పొరబడటం ఎంత తరచుగా జరుగుతుందో వారిని అడిగితే తెలుస్తుంది. దీనికి ఉపదేశం కంటే ఏర్పాటు మేలు. వడ్డించేవారికి అందరికీ ఒకే రకమైన ఏప్రన్ ఇవ్వండి, అప్పుడు కాఫీ కావలసినవారు చర్మం రంగు చూడనక్కరలేదు.

బడి, పాట, పండుగ

పిల్లల బడి గోడ మీద ఉన్న పటం చూడండి. వార్సా నుంచి న్యూయార్కుకు గీసిన ఒక్క గీతే ఉంటే, దాని పక్కన బాగ్దాదు, సనా, గోందర్, కొచ్చిన్ కూడా చేర్చండి. వంశవృక్షం గీసుకురమ్మనే పాఠం దత్తత వచ్చిన పిల్లలకు పరీక్షగా మారుతుంది, "నీకు ముఖ్యమైనవారిని గీయి" అంటే పాఠం చెడదు. తరగతిలో ఎవరైనా "నీ అసలు అమ్మ ఎవరు?" అని అడిగితే ఉపాధ్యాయురాలు వినిపించుకోనట్టు ఊరుకోకుండా, అడిగిన పిల్లవాడిని మందలించకుండా, "ఆమె అమ్మ ఆమెను రోజూ ఇక్కడ దింపి వెళ్తుంది, నువ్వు చూశావుగా" అని తేల్చి పాఠంలోకి వెళ్లాలి. పూరీమ్ పండుగ వేషాల ప్రకటనలో ముఖానికి నల్లరంగు పూసుకోవడం, వేరే జాతిని వేషంగా కట్టడం వద్దని ముందే ఒక వాక్యం రాయండి. పండుగనాడు గుమ్మం దగ్గర వాదించడం కంటే అది సులువు.

ఇథియోపియా యూదులు యోమ్ కిప్పూర్ తరువాత 50వ రోజున ఉపవాసం ఉండి, కొండెక్కి ప్రార్థించే సిగ్ద్ పండుగను ఇజ్రాయెల్ 2008లో జాతీయ పండుగగా గుర్తించింది. దాన్ని మీ సినగాగులో జరపడం మంచిదే. కాని ఏడాదికొకసారి ఇథియోపియా వంటకం పెట్టి, మిగతా 51 వారాలూ ఏమీ మారకపోతే అది సంత ముచ్చటే. అంతకంటే, మామూలు శనివారం ఒక కీర్తనకు బాగ్దాదు బాణీ పాడటం, మరో వారం మొరాకో బాణీ పాడటం, అది ఎక్కడిదో ప్రకటించకుండానే పాడటం ఎక్కువ పని చేస్తుంది. పస్కా పండుగలో అష్కెనాజీ (మధ్య, తూర్పు ఐరోపా యూదుల) సంప్రదాయం బియ్యం, పప్పుధాన్యాలు తినదు, సెఫార్దీ (స్పెయిన్ మూలాల యూదుల) సంప్రదాయాల్లో చాలావరకు తింటాయి. మీ సినగాగు పస్కా సూచనల్లో "యూదులు బియ్యం తినరు" అని ఉంటే, అది ఒక్క వాక్యంలో సగం లోకాన్ని బయటికి నెట్టిన మాట.

"జ్యూస్ ఆఫ్ కలర్" (శ్వేతేతర యూదులు) అన్న పేరు గురించి కూడా జాగ్రత్త అవసరం. దాన్ని గర్వంగా వాడుకునేవారు ఉన్నారు. ఇరాక్, ఇరాన్, యెమెన్ మూలాలున్న మిజ్రాహీ యూదుల్లో కొందరు అది అమెరికా వర్ణ చరిత్రకు చెందిన మాట, మాది కాదు అంటారు. ఎవరు తమను ఏమని పిలుచుకుంటే మీరూ అదే అనండి, ఈ తగువు వారి తరఫున మీరు తీర్చనక్కరలేదు.

ఎవరి చేతిలో తాళం

ఇంతవరకు చెప్పినదంతా మర్యాద. మర్యాద ఇచ్చేవాడి చేతిలో ఉంటుంది, కాబట్టి తీసుకునేవాడు అతిథిగానే మిగులుతాడు. ఇంటివారు అవడమంటే తాళం చేతిలో ఉండటం.

కొచ్చిన్‌లో 1568లో కట్టిన పరదేశీ సినగాగు కథ ఇక్కడ గుర్తుచేసుకోవాలి. అక్కడ బానిసత్వం నుంచి విముక్తులైనవారి వంశస్థులు అదే దేవుడిని, అదే భాషలో ప్రార్థించేవారు, కాని లోపల బల్లల మీద కూర్చోవడానికి, తోరా పఠనానికి వారికి హక్కు లేదు. ఆ వంశంలో పుట్టి న్యాయవాది అయిన ఎ.బి. సాలెం గాంధీ నుంచి సత్యాగ్రహం నేర్చుకొని, దాన్ని సొంత సినగాగులోనే ప్రయోగించాడు. ఆయనను యూదు గాంధీ అన్నారు. 1967లో ఆయన మరణించేనాటికి ఆ అడ్డుగోడలు చాలావరకు కూలాయి. గమనించవలసిందేమిటంటే, శతాబ్దాల పాటు వారిని ఎవరూ బయటికి గెంటలేదు, రానిచ్చారు. వెనక కూర్చోబెట్టారు, అంతే.

కాబట్టి పాలకవర్గంలో ఎవరున్నారో చూడండి. ఒక్కరినే చేర్చుకోకండి. ఒక్కరే ఉంటే ఆ మనిషి నోటి నుంచి వచ్చే ప్రతి మాటా జాతి మొత్తం మాటగా వినబడుతుంది. కనీసం ఇద్దరు ఉంటే వారు ఒకరితో ఒకరు విభేదించగలరు, అప్పుడు మనుషులుగా కనిపిస్తారు. వారిని నేరుగా వైవిధ్య కమిటీకి అధ్యక్షులను చేయడం అన్ని సినగాగులూ చేసే పొరపాటు. లెక్కల్లో ఆసక్తి ఉన్నవారికి కోశాధికారి పదవి ఇవ్వండి, శ్మశాన వ్యవహారాలు చూడగలవారికి అది అప్పగించండి. వైవిధ్యం పని తెల్లజాతి సభ్యులే ఎక్కువగా చేయాలి, అలవాటు మార్చుకోవలసింది వారే కనుక. బయటినుంచి శ్వేతేతర వక్తను పిలిస్తే ఇతర వక్తలకు ఇచ్చినంత పారితోషికం ఇవ్వండి, మార్టిన్ లూథర్ కింగ్ జయంతి వారంలో కాకుండా మరో వారం, యూదు ధర్మచర్చల గ్రంథమైన తల్మూద్ మీదనో, వారి సొంత విషయం మీదనో మాట్లాడమనండి.

ఒక మాట పక్కనుంచి చెప్పాలి. విమర్శ రాగానే అమెరికా సినగాగుల్లో రెండు కవచాలు బయటికి వస్తాయి. ఒకటి, 1965లో సెల్మాలో నల్లజాతివారి హక్కుల కోసం మార్టిన్ లూథర్ కింగ్‌తో కలిసి నడిచిన రబ్బీ అబ్రహామ్ జాషువా హెషెల్ ఫోటో. రెండోది, సియోల్‌లో కొరియన్ తల్లికి పుట్టి, 2001లో రబ్బీ అయి, 2014 నుంచి న్యూయార్కులోని సెంట్రల్ సినగాగుకు నాయకత్వం వహిస్తున్న ఏంజెలా బుక్‌డాల్ పేరు. ఇద్దరూ గౌరవనీయులే. కాని మీ గుమ్మం దగ్గర మొన్న జరిగినదానికి ఆ ఇద్దరిలో ఎవరూ సమాధానం కారు.

ఫిర్యాదు వచ్చినప్పుడు

రావడమే మంచిది. రాని ఫిర్యాదులు మనుషులతో పాటు వెళ్లిపోతాయి. దాచిపెట్టి చేసే వేర్పాటు బయటపడినప్పుడు ఏమవుతుందో ఇజ్రాయెల్ 1996లో చూసింది. ఇథియోపియా యూదులు దానం చేసిన రక్తాన్ని వారికి చెప్పకుండా పారబోస్తున్నారని పత్రికల్లో రాగానే వేలమంది ప్రధాని కార్యాలయం ముందుకు వచ్చారు. రక్తం విషయంలో వైద్య కారణాలు చెప్పారు. చెప్పకుండా ఎందుకు చేశారన్నదానికి మాత్రం జవాబు దొరకలేదు.

ఫిర్యాదు వినేవారు ఎవరో ముందే నిర్ణయించి, పేరు, ఫోను నంబరు ప్రార్థన పుస్తకం లోపలి అట్ట మీద అంటించండి. వినేటప్పుడు "ఆయన ఉద్దేశం అది కాదు" అన్న మాట మీ నోట రాకూడదు. ఉద్దేశం ఏదైనా అన్న మాట అన్నదే కదా. జరిగింది తేదీతో రాసుకొని, వారు ఏమి కోరుతున్నారో అడగండి. కొందరు క్షమాపణ కోరతారు, కొందరు ఆ మనిషిని గుమ్మం దగ్గరనుంచి మార్చమంటారు, కొందరికి ఎవరో ఒకరు విన్నారంటే చాలు. అందరి ముందు కన్నీళ్లతో క్షమాపణ చెప్పే పద్ధతిని మాత్రం మానుకోండి, గాయపడిన మనిషే అవతలివారిని ఓదార్చవలసి వస్తుంది.

ఆ వ్యక్తి అప్పటికే రావడం మానేసి ఉంటే, నెల రోజులలోపు అధ్యక్షుడే ఫోను చేయాలి. తిరిగి రమ్మని అడగవద్దు, సభ్యత్వ రుసుము మాట ఎత్తవద్దు. గుమ్మం దగ్గర అంటించిన కాగితంలో ఏ వాక్యం తీసేశారో, ఏ వాక్యం రాశారో చదివి వినిపించి, ఫోను పెట్టేయండి.